సంచి నాయిన

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఏ పిల్లల దవాఖాన మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డా అతను కనిపిస్తాడు. పసిగుడ్డు తల్లి ఒళ్లోనో, అమ్మమ్మ భుజం మీదనో ఉంటుంది. అతని ఛాతీ మీద బూడిదరంగు బ్యాగు ఉంటుంది. వీపుకు తగిలించుకోవలసినదాన్ని ముందుకు తిప్పుకుని, రెండు చేతులూ దానిమీద వేసుకుని, నెలలు నిండిన మనిషిలా ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కుతాడు. బిడ్డ ఏడిస్తే అందరూ బిడ్డ వైపు చూస్తారు. అతను జిప్పు వైపు చూస్తాడు.

ఇతన్ని సంచి నాయిన అనుకుందాం. వయసు ముప్పైకి అటో ఇటో. బ్యాంకులో ఉంటాడు, లేకపోతే పసుపు కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఇల్లు నిజామాబాద్, అత్తగారిల్లు బోధన్. అతని తాత తన తండ్రి ఎదుట కొడుకును ఎత్తుకునేవాడు కాదు, అప్పట్లో అది మర్యాద. అతని తండ్రి ఎత్తుకున్నాడు గానీ, అంగీ తడిసిన మరుక్షణం "ఇగో, వట్టు" అని వాపసు ఇచ్చేశాడు. ఈ వంశంలో డైపరు సైజులు తెలిసిన మొదటి మగవాడు ఇతనే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. మనకు తెలియకపోతే చెబుతాడు.

అసలు కథ కాన్పుకు రెండు నెలల ముందు మొదలవుతుంది. మన ఇళ్లలో బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డ పేరు మీద ఏదీ కొనరు. పుట్టాక కూడా తొలి బట్ట కొత్తది వేయరు. చల్లగా పెరిగిన పిల్లలున్న ఇంటినుంచి పాత అంగీ అడిగి తెచ్చి తొడుగుతారు, మెత్తబడ్డ చీరలతో బొంతలు కుడతారు. అలాంటి ఇంట్లో సంచి నాయిన రాత్రిళ్లు ఫోనులో డైపర్ బ్యాగులు చూస్తూ కూర్చుంటాడు. తల్లి కంట పడనే పడతాడు.

"పుట్టకముందే సంచి ఏందిర? సర్కారు సుతం పుట్టినంకనే ఇచ్చె మీ అక్కకు."

ఆవిడ చెప్పేది కేసీఆర్ కిట్ సంగతి. 2017 జూన్‌లో మొదలైంది. సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లికి సబ్బులు, నూనె, దోమతెర, చిన్న పరుపు, తువ్వాళ్లు, ఆటబొమ్మలు, చీరలు, అన్నీ కలిపి 16 రకాల సామాను. బిడ్డ పుట్టాకే చేతికందేది గనక, ఆ పథకం తన మాట విని పెట్టినదేనని ఆవిడ నమ్మకం. సంచి నాయిన ఊరుకుంటాడా? ఫిన్లాండ్‌లో 1938 నుంచి సర్కారే కాన్పు సామాను ఇస్తోందని, ఇప్పుడైతే బిడ్డ పుట్టకముందే ఇల్లు చేరుతుందని అప్పుడే చదివాడు.

"గా ఊరు ఏడుంది? ఆర్మూరు దిక్కా?"

వాదన అక్కడితో అయిపోయింది. వారం తిరక్కుండా ఇంట్లోకి ఒక "ఆఫీసు బ్యాగు" వచ్చింది. ఆలూ ఉంది, చూలూ ఉంది, సోమలింగం కంటే ముందు సోమలింగం సంచి దిగింది. ఆ బ్యాగులకు బూడిదరంగు ఎందుకు, ఎలుగుబంటి బొమ్మలు ఎందుకుండవు అని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇదే. ఎలుగుబంటి ఉన్న సంచిని లాప్‌టాప్‌కని చెప్పి అమ్మను నమ్మించడం కష్టం. "గింత లాప్‌టాప్‌కు గంత సంచా?" అని ఆవిడ అననే అన్నది. అయినా నమ్మినట్టే ఉండిపోయింది. పెద్దవాళ్లకు చాలా విషయాలు తెలుసు, తెలియనట్టుండటం ఇంకా బాగా తెలుసు.

కొన్న తీరు చెప్పుకోవాలి. గాంధీచౌక్ దగ్గర ఒక దుకాణంలోకి వెళ్లి అతను మొదట అడిగింది బ్యాగు కాదు, గ్లాసెడు నీళ్లు. వాటిని బ్యాగు మీద ఒలకబోసి, వేలితో తుడిచి, లోపల చెయ్యిపెట్టి చూశాడు. తర్వాత పక్క కిరాణా కొట్టునుంచి మూడు కిలోల చక్కెర తెప్పించాడు. తూకం వేయించి మరీ తెప్పించాడు, పుట్టిన బిడ్డ దాదాపు అంతే ఉంటుందట. చక్కెర పొట్లాన్ని ఎడమ చేతిలో పడుకోబెట్టుకుని, తల భాగం మోచేతి మీద ఆనించి, కుడిచేత్తో జిప్పు లాగాడు. ఒక్క చేత్తో నోరు తెరవని బ్యాగును పక్కకు నెట్టాడు. లోపలి గుడ్డ నల్లగా ఉన్నదాన్నీ నెట్టాడు, రాత్రిపూట అందులో కాటుక డబ్బా పడితే తెల్లారేదాకా దొరకదని. అడుగు బల్లపరుపుగా లేనిదాన్ని నేలమీద పెట్టి, అది పక్కకు ఒరిగిపోవడం దుకాణదారుకే చూపించాడు. దుకాణదారు ఆ చక్కెరను ఎత్తుకుని జోకొట్టడం ఒక్కటే తక్కువ.

నవ్వొస్తుంది గానీ, ఈ పరీక్షల్లో తప్పుపట్టడానికేమీ లేదు. నిజానికి ఆ బ్యాగులు తయారుచేసినవాడు మన తొవ్వలు చూసినవాడు కాడు. కారు డిక్కీ, తోపుడు బండి, మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉన్న ప్రయాణం, అతని ఊహలో అవే ఉన్నాయి. మనవాడిది మోటారు సైకిలు. భార్య బిడ్డను ఒళ్లో పెట్టుకుని వెనక పక్కకు తిరిగి కూర్చుంటుంది. బ్యాగు వీపున ఉంటే బిడ్డకు జాగా ఉండదు. అందుకే అది ఛాతీ మీదికొచ్చింది, ఫ్యాషన్ కోసం కాదు. తోపుడు బండికి తగిలించే కొక్కేలను అతను బస్సులో ముందు సీటు కమ్మీకి తగిలిస్తాడు. పాలసీసాలు వెచ్చగా ఉండటానికని పక్కన మూడు అరలు కుట్టారు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దని డాక్టరు చెప్పేసరికి ఆ మూడూ ఖాళీ. ఒకదాంట్లో ఇప్పుడు అతని మజ్జిగ సీసా ఉంటుంది. చల్లదనం కూడా బాగానే నిలుస్తోందట.

బోధన్ ప్రయాణం చూడాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో చార్జీ లేదు గనక బస్సు కిటకిటలాడుతుంది. జీరో టికెట్‌కు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. భార్య ఆధార్ బ్యాగులో ఉంది. బ్యాగులో ఎక్కడుందన్నది జానకంపేటలో మొదలై ఎడపల్లి దాటినా తేలదు.

"ఇగ దొర్కుతదా లేదా అన్నా?" అంటాడు కండక్టరు.

"ముంగట అరల ఉండాలె... ఇది తడిబట్టల అర... ఇది..." అంటూ అతను ఒక్కో జిప్పూ తీసి, అది దేనికో కండక్టరుకు వివరిస్తాడు. కండక్టరు ఇంట్లో కూడా చిన్నపిల్ల ఉన్నట్టుంది, ఓపిగ్గా వింటాడు. చివరికి ఆధార్ భార్య చేతి రుమాలు మడతలో దొరుకుతుంది. ఆమె అక్కడ పెట్టుకున్న సంగతి మొదటినుంచీ చెబుతూనే ఉంది.

అత్తగారింట్లో అసలు పరీక్ష మామగారిది. ఆయన శక్కర్‌నగర్‌లో చెరుకు కాటా దగ్గర పనిచేసిన మనిషి. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, ఆయన కంట్లో కాటా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. బ్యాగు పట్టీని రెండు వేళ్లతో ఎత్తి, దించి, తీర్పు చెప్పాడు.

"బిడ్డ నాలుగున్నర. సంచి ఏడు. ఇండ్ల తరుగెంత తియ్యాలె అల్లుడా?"

చెరుకులో ఆకులకూ మట్టికీ తరుగు తీసినట్టు సంచిలోంచి తీయడం మొదలుపెడితే ఏముంది? గంట తొవ్వకు డజను డైపర్లు. మూడు రకాల క్రీములు. గది వేడి చూసే యంత్రం. "ఎండకాలంల బోధన్ల వేడి జూసేతందుకు మిషినెందుకు బిడ్డా?" అని అత్తగారు నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదు కదా. వాపసు వచ్చేటప్పుడు ఆ జాగాలోకి మామగారి బీపీ మాత్రల చీటీ (నిజామాబాద్‌లో చూపించి తేవాలి), మరదలి చార్జరు, రెండు కొబ్బరికాయలు, వియ్యపురాలికి ఉసిరికాయ తొక్కు చేరాయి. తొక్కు సీసా సరిగ్గా పాలసీసా అరలో కూర్చుంది. సంచి నాయిన నోరెత్తలేదు. కుడివైపు మూడో అర మీద మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

ఆ అరలో ఏముందో ఆరు వారాల టీకా నాటి రాత్రి తెలిసింది. ఈ టీకాలు 6, 10, 14 వారాలకు పడతాయి, చాలామంది పిల్లలకు ఆ రాత్రి ఒళ్లు కాలుతుంది. కరెంటు పోయింది. ఇంట్లో నలుగురు నాలుగు దిక్కుల టార్చి వెతుకుతుంటే, అతను చీకట్లోనే చెయ్యిపెట్టి జ్వరం చుక్కలు, టీకా కార్డు, కొలత గొట్టం, డాక్టరు రాసిచ్చిన మోతాదు చీటీ వరసగా బయటికి తీశాడు. అత్తగారు ఏమీ అనలేదు. బిడ్డను మొదటిసారి అతని చేతికిచ్చి, చీటీ చదవడానికి దీపం వెలిగించారు. టార్చి కూడా ఆ బ్యాగులోనే ఉన్నట్టు తెల్లారాక బయటపడింది. దాని అర ఏదో అతనికే గుర్తులేదు.

ఇప్పుడు బిడ్డ కాస్త పెద్దదైంది. బ్యాగు అల్మారాలో ఉంది. ఆఫీసులో ఎవరికైనా ఇంట్లో శుభవార్త అని తెలిస్తే చాలు, మధ్యాహ్నం టీ దగ్గర అతను పక్కన చేరతాడు. మొన్న ఒక కుర్రాడు చిక్కాడు.

"ముందుగాల బండి ఏందో చెప్పు తమ్మీ."

"స్కూటీ అన్నా."

"స్కూటీ అయితే కాళ్ల కాడ జాగుంటది. గాని అడుగు గట్టిగుండాలె, వానల తడువొద్దు..."

అరగంట విన్నాడు పాపం. టీ చల్లారిపోయింది. తర్వాత, చల్లగా పెరిగిన పిల్ల వాడిన వస్తువైతే మంచిదని వాళ్లమ్మ అన్న మాట గుర్తొచ్చి కాబోలు, వినయంగా అడిగాడు.

"మరి నీదే ఇయ్యరాదే అన్నా? ఖాళీగనే ఉన్నది గద?"

సంచి నాయిన గ్లాసు కింద పెట్టాడు.

"జిప్పు ఖరాబైంది తమ్మీ," అని పచ్చి అబద్ధం చెప్పాడు.