మిద్దె తోటలోని పసుపాకుకు బహిరంగ లేఖ

పసుపాకూ,

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టే జాతి మాది. ఆ రంగంటే ఇక్కడెవరికీ పగ లేదు. కానీ గడపకు ఉండాల్సిన పసుపు కుండీలోని నిమ్మ మొక్కకెక్కితే మాత్రం ఒళ్లు మండుతుంది.

నువ్వొచ్చినందుకు కాదు, వచ్చి పేరు చెప్పనందుకు ఈ గొడవ. నత్రజని చాలకపోయినా నువ్వే. ఇనుము అందకపోయినా నువ్వే. నీళ్లెక్కువై వేళ్లకు ఊపిరాడకపోయినా నువ్వే. దాంతో మేడెక్కిన ప్రతివాళ్లూ వైద్యులైపోతున్నారు. పక్కింటి పిన్నిగారు గుడ్డుపెంకులు నలిపి వెయ్యమంటారు, వాచ్‌మన్ గుప్పెడు యూరియా చల్లమంటాడు, మా బావగారికి అన్నిటికీ ఎప్సమ్ సాల్టే. ముగ్గురిలో ఒక్కరూ వంగి నీ మొహం చూడరు.

నేను చూశాను. అడుగునున్న ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. మొక్క పాతాకుల్లోంచి దాన్ని లాగి చిగురుకు పంపుకుంటుంది. ఆ ముదురాకుల్లోనే ఈనెల మధ్య పసుపు దిగితే మెగ్నీషియం, అంచులు మాడితే పొటాష్. ఇనుముకి ఆ కదలిక లేదు, ఒక ఆకులో చేరిందంటే దాదాపు అక్కడే ఉండిపోతుంది. అందుకే అది అందనప్పుడు కింది ఆకులు నిక్షేపంగా ఉండి, కొత్త చిగురు పాలిపోతుంది. పాలిపోయిన ఆకు మీద ఈనెలు మాత్రం సన్నపెన్నుతో గీసినట్టు పచ్చగా మిగులుతాయి. మా నిమ్మ చిగురు మీద ఉన్నవి అచ్చంగా ఆ గీతలే.

పోనీ మట్టిలో ఇనుము లేదా అంటే, ఎర్రమట్టికి ఆ ఎరుపే ఇనుప ఆక్సైడ్ల వల్ల వచ్చింది! కుండీ నిండా అదే. ఉండీ దక్కదు. రోజూ పోసే బోరు నీళ్లలోని బైకార్బనేట్లు మట్టిని క్షారం వైపు నెట్టేశాయి. పీహెచ్ 7.5 దాటితే ఇనుము కరిగి వేరుకి అందడం కష్టం. కుండీ అంచున కట్టిన తెల్లటి ఉప్పు పొర చూస్తేనే సంగతి తెలిసిపోతోంది. ఇక గుడ్డుపెంకులంటావా, అవి సున్నపు సరుకే, వేస్తే నీకు విందు. ఆ మాట పిన్నిగారితో అనే ధైర్యం ఈ మేడ మీద ఎవరికీ లేదు.

వేరుశనగ రైతులు నీ ఆట ఎప్పుడో కట్టించారు. సున్నం ఎక్కువున్న నేలల్లో చిగురు తెల్లబడితే లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఇనుమిచ్చే ఉప్పు), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీదే కొడతారు. నిమ్మఉప్పు వెయ్యకపోతే అన్నభేది నీళ్లలోనే తుప్పు రంగు తిరిగి వృథా అయిపోతుంది. నిన్న ఎండ తగ్గాక నేనూ అదే కొట్టాను. ఇకనుంచి నిమ్మకు డ్రమ్ములో పట్టిన వాననీళ్లే.

బెండ మీద మాత్రం నువ్వు వేషం తిరగేశావు. అక్కడ పసుపెక్కింది ఈనెలకు, వాటి మధ్య ఆకు ఇంకా పచ్చగానే ఉంది. అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. ఏ ఎరువుకూ లొంగదు. అందుకే ఆ మొక్క పీకి పారేశాను, పసుపు అట్టలకు జిగురు రాసి మిగతా బెండల మధ్య కట్టాను. తెల్లదోమకు నీ రంగంటే మహా ఇష్టమట, వచ్చి దానికే అంటుకుంటుంది.

ఇట్లు,
నిమ్మకుండీ యజమాని