బండికి తిట్లు, బ్యాండుకి దండాలు

లాలాగూడలో మాకో రైల్వే పెద్దాయన తెలుసు. 1893లో మొదలైన అక్కడి క్యారేజీ వర్క్‌షాపులో సైరన్ మోతకే బతుకంతా నడిపి రిటైరైన మనిషి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, డ్రైవరు నుంచి రైల్వే బోర్డు దాకా అందర్నీ ఉతికి ఆరేస్తారు.

అదే ఆయన అభిమాన రాక్ బ్యాండు గన్స్ ఎన్ రోజెస్ సంగతికొస్తే, ఆయన ఓర్పు ముందు భూదేవి కూడా దిగదుడుపే. 1993లో ఓ స్టూడియో ఆల్బమ్ ఇచ్చిన ఆ బ్యాండు, తర్వాతిదైన ‘చైనీస్ డెమోక్రసీ’ని 2008లో గానీ వదల్లేదు. పదిహేనేళ్లు! ‘కళ కదా, తొందరపడకూడదు’ అన్నారు. ఆ బ్యాండు గాయకుడు ఆక్సెల్ రోజ్ వేదికెక్కడంలో జాప్యానికి జగత్ప్రసిద్ధుడు. ‘మహానుభావులంతే’ అన్నారు. 2012లో వాళ్లు బెంగళూరొస్తే వెళ్లి చూసొచ్చి, ‘రైలు అరగంట లేటు’ అని వారం రోజులు గొణిగారు.

వెలిసి బూడిదరంగుకు తిరిగిన ఆ బ్యాండు నల్ల టీషర్టును వాళ్లావిడ మసిగుడ్డ చేయబోతే, ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

రైల్వేవారికో ఉచిత సలహా: ఆలస్యాన్ని ప్రకటించే ముందు కాస్త గిటారు వాయించండి. లాలాగూడలో ఒక్కరైనా చప్పట్లు కొడతారు!