వేలిముద్ర భాగస్వాములు

వైద్య పరిశోధనల్లో రోగులకూ ప్రజలకూ చోటివ్వాలని ఈమధ్య పెద్దల సభల్లో తెగ ఘోషిస్తున్నారు. ఇంగ్లండు వాళ్లు 1996లోనే ఇందుకోసం ఓ సంస్థ పెట్టుకుని, నేటికీ కిందామీదా పడుతున్నారు పాపం. మనకంత శ్రమ దేనికి? ఓ ఇంకు డబ్బా ఉంటే పనయిపోతుంది.

నమ్మనివాళ్లు మా జగ్గయ్యపేట పొరుగునున్న ఖమ్మం జిల్లా సంగతి గుర్తు తెచ్చుకోండి. 2009లో అమెరికా నుంచి వచ్చిన పాత్ అనే సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేతులు కలిపి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేయించాయి. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తర్వాత విచారణ జరిగింది. 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే, 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు! 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ లెక్క బయటపెట్టి గట్టిగానే తలంటింది.

వార్డెనుగారి ఔదార్యం చూడండి. పొద్దున్నే బియ్యం బస్తాలు దిగాయని రిజిస్టర్లో సంతకం. అదే పెన్నుతో, క్యాపు కూడా పెట్టకుండా, వందమంది ఆడపిల్లల తల్లిదండ్రుల తరఫున మరో సంతకం. బస్తాలనైనా ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని ఉంటారు.

టీకాతో నాకు పేచీ లేదు. ఖమ్మంలోనూ, ఇదే పథకం నడిచిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో పథకం ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. పిల్ల తల్లిని కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చెప్పడానికి ఎవరికీ తీరిక దొరకలేదే, అదీ నా పేచీ.

మా గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కొత్త రకం విత్తనాన్ని రైతు పొలంలో వేసి చూడాలంటే, శాస్త్రవేత్తే గట్టు మీదకొచ్చి రైతును అడగాలి. "ఈసారికి వద్దు సార్, నీళ్లు చాలవు" అంటే ఇంకో పొలం చూసుకోవాలి. వేశాక కూడా కాపు ఎలా ఉందో, పురుగు ఎంత పట్టిందో రైతు నోటి నుంచే రాసుకోవాలి. ఇలాంటి కేంద్రాల సలహా మండలిలో రైతులకు కుర్చీ కూడా ఉంటుంది. అంటే ఎకరం కంది చేనుకున్న పరపతి ఆ చేనుగలాయన కూతురి భుజానికి లేదన్నమాట.

అన్యాయంగా మాట్లాడకూడదు, వైద్యంలోనూ కుర్చీ వేశారు. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఎథిక్స్ కమిటీలో ఓ సామాన్యుడు ఉండి తీరాలి. ఆ కుర్చీలో మిరపకాయల కోతకెళ్లే మనిషి కూర్చోగా నేనైతే చూడలేదు. కూర్చున్నా, డజన్ల కొద్దీ పేజీల ఇంగ్లీషు కాగితాలు ముందు పడేసి "మీ అభిప్రాయం?" అంటే ఆమె ఏమంటుంది? టీ బాగుందంటుంది. మినిట్స్‌లో 'ఏకగ్రీవం' అని పడుతుంది. ఇక ఆసుపత్రి అభివృద్ధి సంఘాలంటారా, చాలాచోట్ల అధ్యక్షులు ఎమ్మెల్యేగారే. రోగి అక్కడికి వెళ్తే ఫోటోలో చివరి వరస.

2024 మధ్యంతర బడ్జెట్‌లో ఇదే టీకాను 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయించుకోమని ప్రోత్సహిస్తామన్నారు. శుభం. ఆడపిల్లల తల్లులు అడగబోయే ప్రశ్నలూ పెద్దవేమీ కావు. ఇది దేనికి సార్? ఎన్ని సూదులు? రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరేదో రాసివ్వండి.

"అవన్నీ తర్వాత చెబుతాంగానీ, ముందు ఇక్కడ వేలెయ్యమ్మా. వెనకాల లైనుంది."