ఎఫ్‌ఎన్‌యూ గారి సెయింట్ థామస్ యాత్ర

"అమెరికా నుంచి అమెరికాకే వెళ్తూ పాస్‌పోర్ట్ దేనికండీ, అల్లుడుగారూ?" అని మావగారు అడిగారు. వ్యాసకర్త వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

న్యూజెర్సీ నుంచి ప్రయాణం సెయింట్ థామస్ దీవికి. కరీబియన్ సముద్రంలో ఉన్న ఈ దీవిని, సెయింట్ క్రోయ్, సెయింట్ జాన్‌లతో కలిపి, 1917లో అమెరికా డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వాటినే యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ అంటారు. జెండా అమెరికాదే, చెల్లేది డాలరే. చిక్కల్లా ఏమిటంటే, వలస చట్టం దృష్టిలో ఆ దీవులు అమెరికా లోపలివి, కస్టమ్స్ లెక్కలో మాత్రం బయటివి. అందుకని వెళ్లేటప్పుడు మామూలు డొమెస్టిక్ ఫ్లైటే. తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్టులోనే అధికారులు ఆపి, ఎవరు, ఏ దేశం అని ఆరా తీస్తారు. అచ్చం అభిమన్యుడి పద్మవ్యూహం.

వ్యాసకర్తది ఉద్యోగ వీసా హెచ్1బీ, భార్యది దాని వెంట వచ్చే హెచ్4, అత్తమామలది విజిటర్ వీసా. ఆరేళ్ల పాప అమెరికాలోనే పుట్టిన పౌరురాలు. దేశం లోపల విమానమెక్కడానికి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఏ కార్డూ అడగరు. పాప చేతిలో ఒక బొమ్మ, వాళ్ల నాన్న చంకలో రెండు కిలోల ఫైలు.

పెద్దవాళ్లకు రియల్ ఐడీ లైసెన్సు కావాలి, లేదా పాస్‌పోర్ట్ లాంటిది. ఈ రియల్ ఐడీకి 2005లో చట్టం చేసి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2025 మే 7న ఎట్టకేలకు అమల్లో పెట్టారు. (కోర్టు వాయిదాలు మనకే ప్రత్యేకం అనుకునేవాళ్లు గమనించాలి.) నక్షత్రం గుర్తున్న అలాంటి లైసెన్సు వ్యాసకర్తకీ ఉంది. దాని మీద ఉన్న పేరే ఆయనది కాదు.

పూర్వం ఊళ్లో పాస్‌పోర్ట్ ఫారం నింపిన ఏజెంటు, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు ఒకే గడిలో రాసి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశాడు. అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి జరిగి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ఫలానావాడి పేరు తెలియదు అని. అది వీసా మీంచి లైసెన్సుకి, లైసెన్సు మీంచి బ్యాంకు కార్డుకి పాకింది. ఇప్పుడు క్రెడిట్ కార్డు కంపెనీ ఏటా "ప్రియమైన ఎఫ్‌ఎన్‌యూ, జన్మదిన శుభాకాంక్షలు" అని పంపుతుంది. బారసాల నాడు బియ్యంలో ఉంగరంతో రాసిన పేరు బియ్యంలోనే మిగిలిపోయింది.

మావగారి బాధ వేరు. జాతకం ప్రకారం ఆయన కార్తీకమాసంలో పుట్టారు. బడిలో వేసుకున్న మాస్టారు జులై 1 అని రాసేశారు. అప్పట్నుంచి ప్రభుత్వానికి ఒక పుట్టినరోజు, పాయసానికి ఒక పుట్టినరోజు.

"మా అమ్మానాన్నల పెళ్లి యానాంలో చేశారండీ. అప్పుడది ఫ్రెంచోళ్లది. గోదాట్లో పడవెక్కి వెళ్లారు, కార్డడిగినోడు లేడు" అని ఫ్లైట్‌లో చెప్పుకొచ్చారు. నిజమే. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, బాల్యవివాహాలు చెయ్యదలచుకున్న పెద్దలు అక్కడికి బయల్దేరేవారు. దానికి కల్యాణపురం అన్న పేరూ ఉంది. పరాయి పాలనలోని నేల మీద తెలుగువాళ్లకి పని పడడం కొత్తేమీ కాదు.

దీవిలో కార్లు మన దేశంలోలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తుంటే చూసి మావగారు మురిసిపోయారు. కొండ మీంచి మరో దీవి కనబడింది. "అక్కడికీ వెళ్దామా బాబూ?" అన్నారు అత్తగారు. అది టోర్టోలా, బ్రిటన్‌ది. అల్లుడుగారి వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో తీరిపోయింది, చేతిలో ఉన్నది హెచ్1బీ మంజూరైందని చెప్పే 797 కాగితం ఒక్కటే. దాంతో దేశంలో ఉండొచ్చు గానీ, ఆ ఫెర్రీ ఎక్కితే తిరిగి రావడానికి కాన్సులేట్ గుమ్మం తొక్కాలి. "అక్కడ ఏం లేదు అత్తయ్యగారూ, ఉత్త ఇసకే" అనేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆఫీసరు అందర్నీ వరసగా నిలబెట్టాడు. మావగారు పాస్‌పోర్ట్ కంటే ముందు ఆధార్ కార్డు తీసిచ్చారు. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి భద్రంగా తిరిగిచ్చాడు. వ్యాసకర్త 797 తీశాడు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 తీశాడు, పే స్లిప్పులు కూడా తియ్యబోతే ఆఫీసరు చాలన్నట్టు చెయ్యెత్తాడు. ఒక్క ప్రశ్న వేశాడు: "మీ పేరు?"

"తెలియదంకుల్" అంది పాప, ఇంగ్లీషులో, చాలా సీరియస్‌గా.

ఆఫీసరు నవ్వి వదిలేశాడు. ఆగిపోయింది అత్తగారి సంచి దగ్గర. అందులో సంతలో కొన్న రెండు మామిడిపండ్లు. పళ్లలోనూ టెంకల్లోనూ దాక్కుని పురుగులు ప్రయాణం చేస్తాయని, దీవుల నుంచి మామిడిని అవతలికి రానివ్వరు. ఆవిడకి కూతురు విడమర్చి చెప్పింది. అత్తగారు పండ్లకేసి చూశారు, ఆఫీసరుకేసి చూశారు.

"పోనీ తినేసి, టెంకలు పట్టుకెళ్లొచ్చేమో అడగవే. పెరట్లో పాతుకుందాం."