ఫిల్టర్‌ను ముట్టుకోకుండా ఉప్పునీటి అక్వేరియం నడుపు విధానం

ఆత్మకూరు నుంచి సముద్రానికి మ్యాపు మీద సూటిగా గీత గీసినా 170 కిలోమీటర్ల పైమాటే. నడుమ నల్లమల అడ్డం. ఒకవైపు కృష్ణ బ్యాక్‌వాటర్, ఇంకోవైపు వెలుగోడు రిజర్వాయర్, పక్కనే సిద్ధాపురం చెరువు. బొచ్చె, రవ్వ, కొర్రమీను, ఏది దొరికినా మంచినీళ్లలో బతికేదే. ఇన్ని మంచినీళ్ల నడుమ కూర్చుని ఉప్పునీళ్ల చేపలే పెంచుతానని మీరు పట్టుబట్టారంటే, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెత మీ కోసం పుట్టిందే. మిమ్మల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ తొట్టిని పాడుచేసుకునే పనైనా పద్ధతిగా జరగాలన్న సదుద్దేశంతో ఈ నాలుగు ముక్కలూ.

ముందు ఉప్పు సంగతి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 200 లీటర్ల తొట్టికి ఏడు కిలోలన్నమాట. అందులో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి గనక తెలిసినవాళ్లు ప్రత్యేకంగా సాల్ట్ మిక్స్ తెప్పించుకుంటారు. మీరూ తెప్పించుకోవచ్చు. అడ్రసులో మాత్రం ఊరి పేరొక్కటే రాసి వదిలేయండి. తెలుగునేల మీద ఆత్మకూరులకు కొదవలేదు. పార్సిల్ నెల్లూరు జిల్లా ఆత్మకూరుకు చేరితే, ఉప్పు సముద్రానికి దగ్గరగా వెళ్లిందన్న తృప్తయినా మిగులుతుంది. జిల్లా పేరు కూడా రాసి తీరాలంటారా, కర్నూలు అనే రాయండి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది నంద్యాల జిల్లా అన్న సంగతి పార్సిల్ తెచ్చే కుర్రాడు తిరిగి తిరిగి తనే తెలుసుకుంటాడు. అంత ఓపిక లేకపోతే కిరాణా కొట్టుకెళ్లి ఏడు కిలోల అయోడైజ్డ్ ఉప్పు అడగండి. కొట్లో ఆయన "ఏమప్పా, ఆవకాయ పెడుతుండారా?" అంటాడు. అవుననండి.

ఇక అసలు కథ, మెకానికల్ ఫిల్టర్. తొట్టి పైఅంచు నుంచి పొర్లిన నీళ్లు పైపులోంచి కింద స్టాండులో దాగున్న సంప్‌లోకి దిగుతాయి. దిగేచోట తెల్లటి సంచీ ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని ఫిల్టర్ సాక్ అంటారు. 200 మైక్రాన్ల సాక్ అయితే మిల్లీమీటరులో అయిదోవంతు కన్నా పెద్ద నలుసులను ఆపుతుంది. 100 మైక్రాన్లదైతే అందులో సగం సైజువాటిని కూడా. చేపల రెట్ట, తినగా మిగిలిన మేత, పాచి ముక్కలు అందులో చిక్కుతాయి. తేరిన నీళ్లు నురగతో మురికిని లాగే స్కిమ్మర్ గదిలోకి, అక్కడినుంచి పంపు ద్వారా మళ్లీ పైకి. దాని పని ఇంతే. మురికిని ఆపుతుంది, పారబోయదు. పారబోయాల్సింది మీరు. ఈ ఒక్కమాట మరిచిపోగలిగితే చాలు, మిగతాదంతా దానంతట అదే జరిగిపోతుంది. మురుగుకాల్వలో పూడిక తీసి గట్టునే కుప్పపోసి, మళ్లీ వాన పడేదాకా చూసి సంతోషించే పనితనం మనవాళ్లకు కొత్తేమీ కాదు కదా.

మూడు నాలుగు రోజులకోసారి సాక్ మార్చమని ప్రతివాడూ చెబుతాడు. మీరు నెలకోసారి అనుకోండి. అమావాస్యకు అని పెట్టుకుంటే మరచిపోవడం ఇంకా తేలిక. మొదటి రెండు రోజులు తెల్లగా ఉన్న సంచీ మూడోరోజుకు టీ రంగుకొస్తుంది. వారానికి లోపలి నూగంతా జిగురు పట్టి, వేలితో నొక్కితే బురదలా జారుతుంది. నీళ్లు గుడ్డలోంచి దిగలేక సంచీలోనే మట్టం పెంచుకుంటూ పైకొస్తాయి. చివరికొక రాత్రి సంచీ మూతిమీదుగా పొర్లి నేరుగా సంప్‌లో పడతాయి. అప్పటిదాకా జోగుతున్నట్టున్న సంప్ గలగలమని మోగుతుంది. ఇంట్లోవాళ్లు ఆ చప్పుడు విని "వాగు పారినట్టుంది, ఎంత బాగుందో" అంటారు. మీరు అడ్డు చెప్పకండి. అక్కణ్నుంచి మీ తొట్టికి ఫిల్టర్ ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

దీంట్లో ఉన్న అందమేమిటంటే, నీళ్లు అప్పటికీ అద్దంలాగే కనిపిస్తాయి. పైన పటారం లోన లొటారం అన్నది ఉప్పునీటి తొట్టికి సరిపోయినట్టు మరిదేనికీ సరిపోదు. సంచీలో చిక్కిన రెట్ట, మేత ఎక్కడికీ పోలేదు. రాత్రింబవళ్లు దానిమీదుగా పారే నీళ్లలోనే కుళ్లుతుంటాయి. కుళ్లితే అమోనియా. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా చేయగలిగిందీ అంతే. మిగిలిన నైట్రేట్ తొట్టిలో పేరుకుని రాళ్ల నిండా పచ్చటి నాచు పెంచుతుంది. పైగా మంచినీళ్ల తొట్టి కన్నా ఇక్కడ మీ కష్టానికి ఫలితం త్వరగా అందుతుంది. సముద్రపు నీళ్ల పీహెచ్ 8 పైన ఉంటుంది. ఆ స్థాయిలో అమోనియాలో చేపకు విషమయ్యే వంతు పెరుగుతుంది, నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మన మే నెల సంగతి వేరే చెప్పాలా? కొందరైతే ఈ నస భరించలేక సాక్ మొత్తం తీసేసి, స్కిమ్మర్‌తో, నీళ్లు మార్చడంతో నెట్టుకొస్తారు. సాక్‌లో పడి చచ్చే సన్నటి ప్రాణులు అలాగైతే చేపలకు తిండిగా మిగులుతాయని వాళ్ల వాదన. అది ఆలోచించి చేసే పని గనక మన విధానంలో చోటు లేదు.

200 మైక్రాన్లతో తృప్తిపడని ఉత్సాహవంతులు 50 మైక్రాన్ల సాక్ తెచ్చుకోవచ్చు. ఎంత సన్నదైతే అంత తొందరగా మూసుకుపోతుంది. నెల ఆగనక్కర్లేదు, రెండో రోజుకే పని పూర్తి.

ఎప్పుడైనా మనసు మెత్తబడి సాక్ ఉతకాలనిపిస్తే వాషింగ్ మెషీన్‌లో సబ్బుపొడి దండిగా వేయండి. చివర్లో లావెండర్ వాసన కండిషనర్ ఒక మూత. గుడ్డలో మిగిలిన సబ్బు నీళ్లలో కలిసిందంటే స్కిమ్మర్ కప్పు నురగ కక్కి స్టాండు కిందంతా పారుతుంది. చేపల మొప్పలకు ఆ సబ్బు ఏం చేస్తుందో పుస్తకాల్లో చదవాల్సిన పని ఉండదు. బ్రతకనేర్వనివాళ్లు మాత్రం సంచీని లోపలివైపు బయటికి తిప్పి, పైపు నీళ్లతో గట్టిగా కొట్టి, కాస్త బ్లీచింగ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, నాలుగుసార్లు జాడించి ఎండలో ఆరేస్తారు. అనుమానం తీరకపోతే సోడియం థయోసల్ఫేట్ నీళ్లలో ఓసారి ముంచుతారు. ఒకప్పుడు ఫొటో స్టూడియోల చీకటిగదిలో హైపో అని వాడిందే అది, మిగిలిన క్లోరిన్‌ను విరిచేస్తుంది. అలాంటి ఇళ్లల్లో దండెం మీద పిల్లల స్కూలు సాక్సుల పక్కన అడుగు పొడవు సాకొకటి, మూతికి ప్లాస్టిక్ రింగుతో సహా వేలాడుతుంటుంది. చూసినవాళ్లు ఏనుగును పెంచుతున్నారా అని అడుగుతారు. ఆ నామోషీ మనకెందుకు?

కోస్తాలో రొయ్యపిల్లల హేచరీలవాళ్లను చూసి మోసపోకండి. నెల్లూరు నుంచి విశాఖ దాకా తీరం వెంబడి ఉన్న ఆ షెడ్లలో సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్‌లోంచి తోడి, బ్లీచింగ్ వేసి, థయోసల్ఫేట్‌తో విరిచి, బ్యాగ్ ఫిల్టర్లు, కార్ట్రిడ్జ్‌లు దాటించిగానీ ట్యాంకుల్లోకి వదలరు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక ఈ జాగ్రత్తల అవసరం పెరిగిందే గాని తగ్గలేదు. అక్కడ పనిచేసే కుర్రాళ్లకు ఫిల్టర్ సంచీలు కడగడం పొద్దున్నే పళ్లు తోముకోవడం లాంటి దినచర్య. వాళ్లు కడగకపోతే లక్షల పిల్ల చస్తుంది, జీతం పోతుంది. మీ ఇంట్లో ఉన్నవి రెండు క్లౌన్ ఫిష్‌లు. 2003లో ఆ నీమో సినిమా వచ్చినప్పటి నుంచి పిల్లలు వాటికి పేరు పెట్టడం కూడా మానేశారు, రెండూ నీమోలే. ఒకటి పోతే రెండోది ఉంది.

కరెంటు పోయినప్పుడు పంపు ఆగుతుంది. పైప్రవాహం నిలిచేదాకా తొట్టిలోంచి కొన్ని నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. వాటికి చోటు వదలడమెందుకు, సంప్‌ను అంచుదాకా నింపండి. ఇన్వర్టర్‌ను సంప్ పక్కనే పెట్టండి. ప్లగ్గులోకి పోయే తీగను కిందికి వంపు లేకుండా బిగించి లాగండి, అప్పుడే ఉప్పునీటి చుక్కలు దారి తప్పకుండా సాకెట్‌లోకి చేరతాయి. నీళ్లు ఆవిరై మట్టం తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుందని ఎవరైనా అంటే నవ్వేయండి. కర్నూలు ఎండల్లో రెండు నెలలు ఇలా పోస్తే మృతసముద్రం మీ హాల్లోనే.

తొట్టి ఖాళీగా ఉందనిపించి నిజం పగడాలో, సముద్రపు గుర్రాలో తెప్పించాలనుకుంటున్నారా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కూడా కాపాడుతోంది. పెద్దపులుల అభయారణ్యం చూసే అటవీశాఖ ఆఫీసు ఊళ్లోనే ఉంది గనక, సంజాయిషీ ఇచ్చుకోవడానికి బస్సు చార్జీ కూడా కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, పెళ్లిళ్ల సీజన్. వారం రోజులు ఊరెళ్లేటప్పుడు తొట్టిని బామ్మర్దికి అప్పజెప్పండి. సాక్ ఎక్కడుందో చూపించకండి, పాపం భయపడతాడు. మేత డబ్బా మాత్రం చేతికిచ్చి, "కడుపునిండా పెట్టు" అని మనింటి మర్యాద ప్రకారం చెప్పండి. నాలుగో రోజు మీరు పెళ్లి భోజనం మధ్యలో ఉండగా ఫోన్ వస్తుంది.

"బావా, నీళ్లు అద్దం మాదిరి ఉండాయి. చాపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తాండాయి. శానా ఆకలేమో, ఇంగ కొంచెం మేత ఎయ్యల్నా?"

ఎయ్యమనండి.