గచ్చుకి పంచాంగం తెలీదు

ఈతకి కెమిస్ట్రీ కావాలని మా చిన్నప్పుడు ఎవడైనా అనుంటే వాణ్ణి అక్కడికక్కడే కాలవలోకి తోసేసేవాళ్లం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో ఈత బడులన్నీ కాలవగట్లే. నడుముకి ఎండు సొరబుర్ర కట్టి మేనమామ వెనకనుంచి ఒక్క తోపు తోస్తాడు. ఒడ్డు చేరినవాడికి ఈత వచ్చినట్టు లెక్క. ఆ నీటి పీహెచ్ ఎంతని మేమూ అడగలేదు, మాతోపాటు మునిగిన గేదెలూ అడగలేదు.

ఇప్పుడు పొద్దున లేస్తే అదే గోల. దానికి కారణం మా బావ. అంటే మా అక్క మొగుడు. కంకిపాడు అవతల, బందరు రోడ్డుకి కాస్త లోపలగా ఆయనకో ఫామ్‌హౌస్, అందులో ఓ స్విమ్మింగ్ పూల్ ఉన్నాయి. టైల్స్ ఊడి పిల్లల కాళ్లు కోసుకుంటున్నాయని రెండేళ్లుగా వింటున్నాం. ఈలోగా కొడుకు దగ్గరికని డల్లాస్ వెళ్లాడు. అక్కడివాళ్లు టైల్స్ గొడవ లేకుండా తెల్ల సిమెంటులో పాలరాతి పొడి కలిపి పూల్ మొత్తానికి గచ్చు చేయించుకుంటారట. నీలిరంగు వెయ్యకుండానే నీళ్లు నీలంగా కనపడతాయట. తిరిగొచ్చిన వారంలోనే మేస్త్రీలు దిగారు. తాపీ కడిగి వాళ్లింకా గేటు దాటలేదు, బావ పంతులుగారికి ఫోను చేసి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి ముహూర్తం పెట్టించేశాడు. పూల్ పక్కనే, పై గురువారం.

"బావా, గచ్చు ఆరాలి కదా?" అన్నాను.

"ఆరడమేంట్రా, నీళ్లలో ఉండేదానికి!"

మాట వినడానికి బాగానే ఉంది. సగం నిజం కూడా. ఈ గచ్చు ఆరకూడదు, నీళ్లలోనే గట్టిపడాలి. చిక్కల్లా ఆ గట్టిపడేటప్పుడు సిమెంటు చేసే పనితోనే. నీటితో కలిసి అది కాల్షియం హైడ్రాక్సైడ్‌ను పుట్టిస్తుంది. పేరు విని బెదరక్కర్లేదు, తమలపాకుకి రాసుకునే సున్నమే. అది కొన్ని వారాలపాటు గోడల్లోంచి నీళ్లలోకి ఊరుతూనే ఉంటుంది. నీటి పీహెచ్ పైకెక్కుతుంది. నీళ్లలో ముందే ఉన్న బైకార్బనేట్‌తో కలిసి ఆ సున్నం తెల్లటి పొడిగా మారి అడుగున పేరుకుంటుంది. దాన్ని ఏ రోజుకా రోజు బ్రష్షుతో రుద్ది కదపకపోతే గోడకే గట్టిగా పట్టేస్తుంది. ఈ తంతుకి పుస్తకాలు పెట్టిన గడువు 28 రోజులు. కొత్త సంపు కట్టుకున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు, మొదటి నీళ్లు పారబొయ్యాలని. ఆ సంగతి మా అక్క చెప్పబోయింది గానీ బావ అప్పటికే షామియానా వాడితో బేరంలో ఉన్నాడు.

నీళ్లు పట్టడంలోనూ నియమముంది. మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపిన చోట గోడచుట్టూ గీత పడిపోతుంది. ముప్పై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు, నాలుగున్నర లోతు. అంటే దాదాపు 57 వేల లీటర్లు. బోరు పైపు ధార పచ్చి గచ్చును తవ్వకుండా దాని మూతికి బావ పాత పంచె చుట్టాం. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ దగ్గరికి పరుగెత్తే ఉద్యోగం నాది.

నిండిన మర్నాడు పరీక్ష. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి ఫినాల్ రెడ్ చుక్కలు వేస్తే రంగు మారుతుంది. పసుపైతే ఆమ్లం, ఎరుపైతే క్షారం. మనక్కావలసింది 7.2కీ 7.8కీ మధ్య. మాది ఎరుపు దాటేసి వంకాయ రంగులోకి వెళ్లింది. ఈ పీహెచ్ కొలతని 1909లో సోరెన్సెన్ అనే ఆయన కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో కనిపెట్టాడని చెబితే, బావ ఆ కష్టంలోనూ లేచి కూర్చున్నాడు. "బీరు కంపెనీలోనా!" అన్నాడు. అప్పటినుంచీ ఆయనకి కెమిస్ట్రీ మీద గౌరవం పెరిగింది.

ఇక సలహాదారులు. డల్లాస్ నుంచి మా మేనల్లుడు వీడియో కాల్లో, "ఆల్కలినిటీ, అంటే నీళ్లు యాసిడ్‌ని తట్టుకునే శక్తి, పెంచాలంటే వంటసోడా వెయ్యండి నాన్నా, మన పూల్‌కి కిలోకి పది పాయింట్లు" అన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ కిలోల కొద్దీ తెస్తే కిరాణా కొట్టాయన ఎన్ని వేల బజ్జీలని అడిగాడు. తీరా చూస్తే మా బోరు నీళ్లలో ఆల్కలినిటీ, కఠినత్వం రెండూ చార్టులో ఆఖరి గడి దాటే ఉన్నాయి. గీజర్లో పొలుసులు కట్టే నీళ్లకి ఇంకా సోడా ఎందుకు? ఆ సోడాతో వారం రోజులు పునుగులే పునుగులు.

ఊళ్లో పెద్దాయన ఒకరు బ్లీచింగ్ చల్లమన్నారు. ఆయన దృష్టిలో నీటికి సంబంధించిన రోగాలన్నిటికీ బ్లీచింగే మందు. అందులోనూ సున్నం పాలుంటుంది. సున్నంతో చచ్చేవాడికి ఇంకాస్త సున్నమా? పైగా పక్కనే పీహెచ్ దించడానికి తెచ్చిన యాసిడ్ క్యాన్లున్నాయి. ఈ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. ఇక్కడ మాత్రం హాస్యం లేదు. రెండిటినీ రెండు గదుల్లో పెట్టించాను. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి గానీ నీళ్లని యాసిడ్‌లో పొయ్యకూడదని పనివాడితో ఒప్పచెప్పించుకున్నాను.

అసలు పండితుడు కైకలూరు వైపు నుంచి వచ్చాడు. బావకి పినతండ్రి కొడుకు, రొయ్యల రైతు. 2009లో మన దేశంలోకి వనామీ రొయ్య వచ్చిన దగ్గర్నుంచీ డెల్టాలో నీటి శాస్త్రం తెలిసిన జాతి ఏదైనా ఉందంటే రొయ్యల రైతులే. కాలేజీ మెట్టెక్కనివాళ్లు కూడా పొద్దున పీహెచ్ ఎంత, సాయంత్రం ఎంత, నాచు ఎండకి ఎంత పెంచింది అని గడగడా చెబుతారు. మా నీళ్లు చూసి ఆయన మురిసిపోయాడు. "ఎనిమిది దాటిందా! మంచి చెరువన్నయ్యా. తగ్గాలంటే బెల్లం, తవుడు పులియబెట్టి చల్లు." బావ నిజంగానే బెల్లం రేటు అడగబోయాడు. బెల్లం సూక్ష్మజీవుల్ని పెంచి పీహెచ్ దించుతుంది, చెరువులో అది సరే. పూల్‌లో మనం చంపాలనుకునేది ఆ సూక్ష్మజీవుల్నే. క్లోరిన్‌కి చంపే శక్తి 7.5 దగ్గర సగం ఉంటే, 8.2కి వచ్చేసరికి సుమారు ఆరో వంతుకి పడిపోతుంది. రొయ్యకి క్లోరిన్ అక్కర్లేదు. అది నీళ్లలోకి దిగేముందు బిర్యానీ తిని రాదు.

పొద్దునా సాయంత్రం బ్రష్షు, కొలిచి కొలిచి యాసిడ్. అయినా తెల్లారేసరికి రంగు మళ్లీ వంకాయే. చివరికి దొంగ దొరికాడు. పూల్ గట్టుమీది ఏనుగు బొమ్మ, దాని తొండంలోంచి పడే జలపాతం! ఫంక్షన్‌కి ట్రయల్ అంటూ బావ దాన్ని రాత్రంతా తిప్పుతున్నాడు. నీళ్లు అలా ఎగిరిపడితే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పీహెచ్ పైకెక్కుతుంది. ఏనుగును కట్టేశాం.

అలా అని యాసిడ్ గుమ్మరించేస్తే ఇంకో ప్రమాదం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లాంజెలియర్ అనే ఆచార్యుడు 1936లో ఊరి నీటి గొట్టాల కోసం ఒక సూచిక తయారుచేశాడు. ఈతకొలనులవాళ్లు దాన్ని తమకి తెచ్చుకున్నారు. సున్నా దగ్గర నీళ్లు బుద్ధిగా ఉంటాయి. సున్నా కిందికి పోతే ఆకలేసి గోడలోని సున్నాన్నే తింటాయి, మీదికి పోతే తిన్నదంతా గోడమీదే కక్కుతాయి. మా నీళ్లు ఇప్పటికి కక్కే పక్షమే. బావ గాభరాలో క్యాన్‌కి క్యాన్ ఒంపితే తినే పక్షంలో చేరతాయి, అప్పుడు గచ్చు గరుకుదేలి మళ్లీ పిల్లల కాళ్లే కోసుకుంటాయి.

ఈ లెక్కలన్నీ విన్నాక మా పెద్దమ్మ వాకిట్లోంచే తీర్పు చెప్పింది. "అది పచ్చి బాలింతరా. నెల్లాళ్లు దాని జోలికి పోకండి." లాంజెలియర్ పేజీలు పేజీలు రాసిందీ ఇంత సూటిగా లేదు.

ఓణీల ఫంక్షన్ అనుకున్న రోజే జరిగింది. పూల్ చుట్టూ తాడు కట్టి, బంతిపూలు చుట్టి, నీళ్లలోకి దిగరాదని బోర్డు పెట్టాం. అందరూ ఫోటోలు దిగారు. తెల్లటి పొడి తేలుతున్న నీళ్లు ఫోటోల్లో పాలసముద్రంలా వచ్చాయని బావకి బోలెడు మెచ్చుకోళ్లు. రొయ్యల తమ్ముడు మాత్రం పిల్ల వదిలితే ఎంత కౌంట్ వస్తుందోనని భోజనాలయ్యేదాకా అంచనా వేస్తూనే ఉన్నాడు.

కొత్తగా గచ్చు చేయించుకునేవారికి నా మనవి ఒక్కటే. పంతులుగారికి ఫోను చేసేముందు మేస్త్రీని అడిగి 28 రోజులు లెక్క వేసుకోండి. కంకిపాడు మీదుగా వెళ్లే బంధుమిత్రులకు ఇంకో మనవి. మా పూల్ వచ్చేనెల తెరుస్తున్నాం. ఇంటిదగ్గర ఒంటికీ రెంటికీ అన్నీ ముగించుకుని, శుభ్రంగా స్నానం చేసి మరీ రండి. కళ్లు మండేది క్లోరిన్ వల్ల కాదు, దానికి మీ చెమటా మూత్రమూ తగిలినప్పుడు పుట్టే క్లోరమిన్ల వల్ల.