అడుగు పడితే లేచే నీళ్లు

ముళబాగిలు నుంచి కురుడుమలె వినాయకుడి గుడికి పోయే దారిలో ఒక తోట ఉంది. మామిడి, సపోటా చెట్ల నడుమ ఒక నడకబాట, ఆ బాట వెంట చిన్న చిన్న ఫౌంటెన్లు. అవి పొద్దంతా చిమ్ముతూ ఉండవు. మనిషి దగ్గరికొస్తే లేస్తాయి, దాటిపోతే అణిగిపోతాయి. వాటిని లేపేది నేనూ నా తోబుట్టువులూ. మమ్మల్ని పీఐఆర్ సెన్సర్లు అంటారు. మోకాలెత్తు రాతి కూసానికి బిగించిన పెట్టెలో ఉండి, తెల్లటి ప్లాస్టిక్ కటకం గుండా బాటను కనిపెట్టుకుని ఉంటాను.

నాకు ముఖాలు తెలియవు, రంగులు తెలియవు. నాకు తెలిసింది వేడి, అదీ కదిలే వేడి. మనిషి ఒంటి నుంచి కంటికి ఆనని కిరణాలు ఎప్పుడూ వెలువడుతూనే ఉంటాయి. వాటి అలల పొడవు ఇంచుమించు 9 మైక్రాన్లు. నా లోపల రెండు చిన్న పలకలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మీదా ఒకేసారి వేడి పడితే ఒకదాని సంకేతాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది, నేను పలకను. అదే ఎవరైనా నా ముందు అడ్డంగా నడిచారనుకోండి, ముందు ఒక పలకకు, ఆ వెంటనే రెండోదానికి వేడి తగులుతుంది. ఆ తేడా వల్ల 3.3 వోల్టుల సంకేతం బయటికి పోతుంది. రిలే టక్కుమంటుంది, తొట్టిలో పంపు తిరుగుతుంది, నీళ్లు లేస్తాయి.

మా వంశం పాతదే. వేడి తగిలితే కరెంటు పుట్టే రాళ్లున్నాయని లోకానికి ఎప్పుడో తెలుసు. 18వ శతాబ్దం మొదట్లో డచ్చి వర్తకులు సింహళం నుంచి టూర్మలీన్ రాళ్లు ఐరోపాకు తీసుకుపోయారు. నిప్పుల దగ్గర పెడితే అవి బూడిదను లాక్కునేవి. ఆ గుణానికి 1824లో డేవిడ్ బ్రూస్టర్ పైరోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టాడు. నా ఒంట్లో ఉన్న పలకలదీ అదే గుణం.

నన్ను ఇక్కడ బిగించిన రోజు బాటకు ఎదురుగా పెట్టారు, నడిచేవాళ్లు నేరుగా నా మీదికే వచ్చేట్టు. నాలాంటివాటికి అది పనికిరాదు. ఎదురుగా వచ్చే మనిషి వేడి రెండు పలకల మీదా ఇంచుమించు ఒకే తీరుగా పెరుగుతుంది, నాకు తేడా దొరకదు. పక్కకు తిప్పి, బాటను అడ్డంగా చూసేట్టు పెట్టాక సరిపోయింది. నా చూపు ఏడు మీటర్ల దాకా పోతుంది, వెడల్పు కూడా చాలా ఎక్కువ. అందుకని ఎలక్ట్రిషియన్ పిల్లవాడు కటకం అంచులకు నల్ల టేపు అతికించాడు.

"మామా, ఇంకొంచెం మూసేదా?" అని తోటమాలిని అడిగాడు.

"మూయిరా అబ్బీ. బాటలో వచ్చినోళ్లకి లేస్తే చాలు. కంచె అవతల పోయే ఆటోకంతా లేసేది వద్దు."

తర్వాత నా వీపు వైపు మూత తీసి, అక్కడున్న రెండు చిన్న నారింజరంగు మరల్లో ఒకదాన్ని స్క్రూడ్రైవరుతో మెల్లగా తిప్పాడు. నేను ఒకసారి పలికాక పంపు ఎంతసేపు ఆడాలో చెప్పే మర అది. 5 సెకన్ల నుంచి 300 సెకన్ల దాకా జరుపుకోవచ్చు. మరీ తక్కువ పెడితే నీళ్లు పూర్తిగా లేవకముందే పడిపోతాయి, ఎక్కువ పెడితే మనిషి పోయాక ఖాళీ బాట మీద చిమ్ముతాయి. ఒక పిల్ల మెల్లగా నడిచి తర్వాతి ఫౌంటెన్ దగ్గరికి చేరే దాకా ఆడేట్టు కుదిర్చారు. నేను చూసే చోటు నా ఫౌంటెన్‌కు నాలుగడుగుల ముందే ఉంటుంది. అందుకే నడిచేవాళ్లకు నీళ్లు తమకంటే ముందు పోతున్నట్టు కనిపిస్తుంది. నా ఫౌంటెన్ వైపు మాత్రం నన్ను చూడనివ్వలేదు. కాగిన నేల ముందు చల్లటి నీళ్లు కదిలినా నేను పలుకుతాను. అట్లా అయితే నీళ్లు నన్ను లేపడం, నేను నీళ్లను లేపడం, ఇక ఆగేదే ఉండదు.

నాకు ఈ ఊళ్లో కష్టమంతా రాళ్లతోనే. ముళబాగిలు అంటేనే గుండ్లు, కొండలు. మా బాట పక్కనా పెద్ద గుండు ఉంది. ఎండాకాలం పొద్దుగూకేవేళ దాని వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరగా వస్తుంది. అప్పుడు దాని ముందు నడిచే మనిషి నాకు కనిపించడు. రాయీ మనిషీ ఒకటే. ధనుర్మాసం తెల్లవారుజామున అట్లా కాదు. చలికి రాయి చల్లబడి ఉంటుంది, తువ్వాలు కప్పుకుని వచ్చే ముసలాయన ముఖం, చేతుల వేడి నాకు దూరం నుంచే తెలుస్తుంది. నేను బాగా పనిచేసే కాలం అదే.

మనిషిని చూసి లేచే నీళ్లు కొత్తవి కావు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర హెల్‌బ్రున్ అనే తోటలో, 17వ శతాబ్దం తొలినాళ్లలో, మార్కస్ సిట్టికస్ అనే ఆర్చిబిషప్ విందుబల్ల చుట్టూ రాతి పీటల్లో నీటి గొట్టాలు పెట్టించాడు. ఆయన పీట తప్ప అతిథుల పీటలన్నీ చిమ్మేవి. వాల్వులు తిప్పేది మనుషులే, ఈనాటికీ మనుషులే తిప్పుతున్నారు. అక్కడ కొండ ఊటల నీళ్లకు కొదవ లేదు. నా పని అందుకు వేరు.

ముళబాగిలు ఉన్న ఈ కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పాలారు కూడా వానొస్తేనే. పూర్వులు వేల చెరువులు కట్టారు, అవి ఎండాక బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఈ జిల్లా చెరువులకు వదులుతున్నారు, భూమిలో నీళ్లు పెరగాలని. ఇట్లాంటి చోట రోజంతా చిమ్మే ఫౌంటెన్ పెడితే నేనే ఒప్పుకోను. మా సంపులోకి వచ్చేది ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్లు. చిమ్మిన నీళ్లు తొట్టిలో పడి మళ్లీ పంపుకే వస్తాయి. అయినా గాలికి తుంపర ఎగిరిపోతుంది, ఎండకు ఆవిరవుతుంది. ఫౌంటెన్ ఆడినంతసేపూ ఆ నష్టం తప్పదు. చూసేవాళ్లు ఉన్నప్పుడే ఆడితే నష్టం కూడా అంతవరకే. నేను పలకని గంటలే ఈ తోటకు నేను చేసే మేలు.

పంపులకు 12 వోల్టులే ఇచ్చారు. పిల్లలు చేతులు పెట్టే నీళ్లలో 230 వోల్టులు ఉండకూడదని తోట యజమానురాలు పట్టుబట్టింది, మంచి పని చేసింది. సంపులో ఒక ఫ్లోటు స్విచ్చి కూడా వేయించింది. నీళ్లు ఒక మట్టం కిందికి దిగితే ఆ స్విచ్చి పంపుల కరెంటు తెంపేస్తుంది, నా మాట చెల్లదు. చైత్రం వచ్చేసరికి అట్లాగే అవుతుంది. సెలవులకు వచ్చిన పిల్లలు నా ముందు ఎగిరెగిరి దూకుతారు. నేను పలుకుతాను, రిలే టక్కుమంటుంది, నీళ్లు మాత్రం లేవవు.

"ఏం తాతా, చెడిపోయిందా?" అని అడుగుతారు.

"చెడిపోలేదమ్మా. ఉండే నీళ్లు మామిడి మొక్కలకి పోతాండాయి. వాన పడనీ, అప్పుడు రాండి" అంటాడు తోటమాలి, డ్రిప్పు పైపులో చిక్కిన మట్టి దులుపుకుంటూ.